తోడు సంతకం

రోజు 303

ఎడమ పేజీలో రాసింది: నాది 64. జెరూషాది 64. వేడి 37. పాలు రెండుసార్లు.

ఈ పుస్తకంలో ఎడమ పేజీ, గుండెకి అతుకులు పెంచడం నేర్పే ఈ గుండెబడిది, కుడి పేజీ మాది. మొదటి రోజు పుస్తకాలు పంచుతూ, బడి నడిపే వైదేహి మేడమ్ చెప్పిన మాట ఇది. ఎడమ పేజీలో అంకెలు మాత్రమే ఉండాలి. కింద మన తోడు, అంటే జతగా పని చేసే మనిషి, సంతకం పెట్టాలి. సంతకం లేని పేజీ రాయని పేజీతో సమానం. కుడి పేజీలో ఏడ్చుకున్నా, తిట్టుకున్నా ఎవరూ తిప్పి చూడరు. నా కుడి పేజీల్లో సగం ఇప్పటిదాకా మెస్ సాంబారును తిట్టడానికే సరిపోయాయి. ఇవాళ ఎందుకో జాగ్రత్తగా రాయాలనిపిస్తోంది. కారణం చెప్పలేను.

పొద్దున్న ఏడింటికి లెక్క. పన్నెండు మంది పోస్ట్‌డాక్‌లం, ఆరు పరుపుల దగ్గర ఇద్దరిద్దరం కూర్చుంటాం. పరుపంటే జెల్లీ దిమ్మ. దాని మీద పక్కపక్కన రెండు గుండె కండరపు పొరలు, మధ్యలో రెండు వేళ్ల ఎడం. కుడివైపుది నేను పెంచింది, ఎడమవైపుది జెరూషా పెంచింది. కళ్లు మూసుకుని, ఉంగరపు వేలు జెల్లీ అంచున ఆనించి, మన పొర నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టి రాయాలి. ఆ తర్వాతే మీటరు మీద కప్పిన గుడ్డ తీస్తారు.

పీహెచ్‌డీలు చేసి వచ్చి వేలితో లెక్కపెట్టడమేమిటని మొదట్లో నవ్వుకున్నాం. నాడి వినిపించే మణికట్టు బిళ్లలు కూడా గేటు దగ్గరే తీసేసుకున్నారు. సొంత నాడి చెవిలో మోగుతుంటే ఎదుటి గుండె వినపడదని మేడమ్ నమ్మకం. పుట్టినప్పటి నుంచి బిళ్ల కట్టుకుని పెరిగినదాన్ని, నెల రోజులు చెయ్యి తెగిపోయినట్టు తిరిగాను.

ఒక నిజం ఇక్కడే రాసేస్తాను. నాకు లెక్క రాదు. నలభై దాటగానే వేలి కింద కదిలేది పొరో, నా నాడో తెలియదు. కొన్నాళ్లుగా ఒక కన్ను కొంచెం తెరిచి, జెరూషా ఏ అంకె రాస్తుందో చూసి అదే రాస్తున్నాను. గుడ్డ తీస్తే ఎప్పుడూ అదే ఉంటుంది. మీటరు పరుపు కింద ఉంటుంది కాబట్టి రెండు పొరలకీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది.

జెరూషా నాకన్నా నాలుగేళ్లు పెద్ద, రేపల్లె మనిషి. సముద్రం ముందుకొచ్చినప్పుడు వాళ్లింటి తలుపులు ఊడదీసుకుని మరీ పైకి వచ్చారట. అక్కా అని పిలుస్తాను. ఆమె పొర డప్పు మీద చర్మంలా బిగువుగా ఉంటుంది, ముడుచుకుంటే జెల్లీ అంతా వణుకుతుంది. ఇవాళ మేడమ్ దాన్ని చూసి తల ఊపి, నా వైపు తిరిగి అన్నారు: "నీ పొరకి ఇంకా పసితనం పోలేదు హిమజా. ఉలిక్కిపడుతుందే గానీ లాగదు."

పొర గురించే అన్నారనుకుంటాను.

జెరూషా పొర పైడమ్మ అనే పేషెంటుకి. 330వ రోజున ఆమె గుండె మీద కుడతారు. నాది ఎవరికీ రాయలేదు.


రోజు 309

నాది 64. జెరూషాది 64. వేడి 37.

పైడమ్మ వచ్చింది. ఆపరేషన్‌కి ముందు పేషెంటు మూడుసార్లు వచ్చి తన పొరను చూసుకోవాలన్నది ఇక్కడి పద్ధతి. ఇది రెండోసారి. పాత పోస్టాఫీసు దగ్గర పడవెక్కి, కొండ కింద దిగి, నూట పది మెట్లకి నాలుగుసార్లు కూర్చుని వచ్చిందట. పోటు గేటు దగ్గర ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఆమెది. సముద్రం పోటెత్తినప్పుడు గేటు దించడం, ఊళ్లోకి వచ్చిన నీళ్లు పంపులతో బయటికి తోడించడం. ఇప్పుడు ఆమె నడుముకి సబ్బుపెట్టె అంత డబ్బా కట్టి ఉంది. అందులోంచి తీగలు చర్మంలో దూరి గుండె దాకా వెళ్తాయి. కొట్టుకోమని గుండెకి చెప్పే చోటే జ్వరంలో చచ్చిపోయింది. డబ్బా చెబితేనే కొట్టుకుంటుంది. తీగలు దూరిన చోట ఇప్పటికి రెండుసార్లు చీము పట్టింది. మూడోసారి పడితే రక్తమంతా పాకుతుందని 330 కల్లా డబ్బా తీసెయ్యాలన్నారు.

"ఇదేటమ్మా, ఈపాలి అట్టు నాగుంది!" అంది పరుపు మీదికి వంగి.

"అట్టు కాదు పైడమ్మా, నీ గుండెకి అతుకు," అంది జెరూషా.

"అతుకా? మా గేటుకీ ఏసినారు అతుకు. మూడో రోజుకే ఊడిపోనాది."

"నేనేసిన అతుకు ఊడదులే."

"నీది ఊడదమ్మా. నీ సేతులు సూస్తే తెల్స్తాది." తర్వాత నా పొర వైపు చూసింది. "ఇదెవుల్ది? సన్నంగుంది, పాపం."

నాదేనన్నాను. ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను.

పైడమ్మ వేలు ఆనించి చూస్తానంటే జెరూషా ఒప్పుకుంది. మాలాగే కళ్లు మూసుకుంది. చాలాసేపు తీయలేదు. తీసి అంది: "రెండూ ఒకే పాలి కొట్టుకుంతన్నాయి."

"అవును, తోడు పెట్టాం కదా," అన్నాను. "పక్కపక్కనుంటే జెల్లీ లాగుడుకి ఒకదాని తాళం ఇంకోదానికి అందుతుంది."

"మా గేటు కాడ రెండు పంపులు పాపా. ఒకే పైపుకి కట్టీసినారు. రెండూ తిరుగుతాయి, నీల్లు ఎల్లిపోతాయి, అందరూ బాగున్నాయనుకున్నారు. ఒకనాడు ఒకదాన్ని ఆపీసినాను, రెండోది కూడా ఆగిపోనాది. మూడేల్లు అది ఉట్టినే తిరిగినాది, పని సేస్తన్నట్టు. ఒకదాన్ని ఆపీసి సూస్తే గానీ తెల్దమ్మా."

ఊరికే చెప్పింది. చెప్పి, మెట్లు దిగడానికి తోడు రమ్మంది. దిగుతున్నంత సేపూ గేటు దగ్గరి కొత్త మేస్త్రీని తిడుతూనే ఉంది. నాకు ఒక్క మాటా ఎక్కలేదు.


రోజు 312

నాది 64. జెరూషాది 64.

పైడమ్మ పంపులు తలలోంచి పోవడం లేదు. రెండు పొరల్లో ఒకటి ఉట్టినే తిరుగుతూ ఉండవచ్చు. అది కచ్చితంగా నాదే. సన్నం, పసితనం, ఉలికిపాటు. నేను జెరూషా పెన్ను చూసి అంకె రాసినట్టే, నా పొర జెరూషా పొరని చూసి కొట్టుకుంటోంది. రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ ఎంత బాగా అతికిందో!

అదే నిజమైతే నా ఏడాది పోయినట్టే. మళ్లీ మొదటి రోజు నుంచి, మళ్లీ మెస్ సాంబారు. సరే, అది నా బాధ.

నాది కాకపోతే? ఈ బడి నుంచి ఇప్పటిదాకా నలభై ఒక్క పొరలు వెళ్లాయి. ఆ నలభై ఒక్కరి గుండెల్లోనూ కొట్టుకోమని చెప్పే చోటు బాగానే ఉంది, లాగే కండరమే చచ్చింది. అక్కడ పొర గుండె వెనక నడిస్తే చాలు. పైడమ్మ గుండెకి ముందు నడిచేది కావాలి. అలాంటి పేషెంటు ఆమే మొదటిది.

జెరూషా పాలు కలుపుతోంది. పాలంటే పొరలకి పట్టే గులాబీ రంగు నీళ్లు. కలుపుతూ ఏదో కీర్తన పాడుతోంది. "ఏందే హిమా, అట్టా చూస్తున్నావు? మొహాన ఏమన్నా అంటిందా?" అంది.

లేదన్నాను.


రోజు 316

నాది 64. జెరూషాది 64. కొత్త పాలు.

మేడమ్‌ని అడిగేశాను. పరుపును మధ్యలో గాజు పలకతో కోసి, ఒక్క నిమిషం విడదీసి చూద్దామన్నాను. నాది అనుమానంగా ఉందన్నాను. నాది అని రెండుసార్లు అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చివరి ముప్ఫై రోజుల్లో పలక పెట్టకూడదని తెలుసా?"

"తెలుసు మేడమ్."

"ఎందుకో తెలుసా?"

తెలియదు. నియమాల కాగితంలో ఉంటుంది, అంతే.

"మొదటి బ్యాచ్‌లో ఒక్కో పొరని ఒక్కో గిన్నెలో పెంచాం. రెండు వందల రోజులు రాకుండానే ఒక్కొక్కటీ చప్పబడిపోయాయి. తొమ్మిది పొరలు. ఆ పిల్లలు గిన్నెల ముందు కూర్చుని ఏడ్చారు. తోడు పెట్టాకే బతికాయి. ఇప్పుడు నీ భయం తీరడం కోసం రెండు పొరలని పణంగా పెట్టమంటావా? ఒకటి పైడమ్మది."

"ఆమె కోసమే అడుగుతున్నాను."

"నీ పొర కోసం అన్నావు ఇందాక."

నోరు మూసుకుని వచ్చేశాను. లెక్క హాల్లోకి వచ్చి పరుపు ముందు కూర్చుంటే రెండు పొరలూ ఒకేసారి ముడుచుకుంటున్నాయి, ఒకేసారి వదులవుతున్నాయి. ఎంతసేపు చూసినా ఏది ముందో, ఏది వెనకో కంటికి తెలియదు.


రోజు 321

కోసేశాను.

మధ్యాహ్నం పోటు గేటు దగ్గరి కూత మోగింది. ఆ కూతకే మాకు భోజనం. అందరూ మెస్‌కి దిగారు. జెరూషా కూడా వెళ్లింది. నేను తలనొప్పన్నాను. గాజు పలకని స్పిరిట్‌తో తుడిచి, రెండు పొరల మధ్య ఎడంలో నిలువుగా దించాను. జెల్లీ కోస్తే చప్పుడు రాదు. రెండు ముక్కల్ని చెరో వైపు వేలెడు జరిపాను.

నా పొర ఆగిపోతుందని చూస్తూ కూర్చున్నాను. దాని మీదే కళ్లు. కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. పది, పదిహేను. ఉలిక్కిపడుతూనే ఉంది, పిచ్చిది, ఒక్కటి కూడా తప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. బతికానే అనుకున్నాను. అప్పుడు తల తిప్పాను.

జెరూషా పొర కదలడం లేదు.

అంత బిగువు పొర. పెళ్లిచీర మడత పెట్టినట్టు నున్నగా పడి ఉంది. ఇరవై అంకెలు లెక్కపెట్టాను. ఈసారి అంకె తప్పలేదు. ముప్ఫై. నలభై. రెండు ముక్కల్నీ కలిపి నొక్కాను. జెల్లీ అంటుకుంది. నా పొర ముడుచుకుంది, జెరూషాది ఊరుకుంది. రెండోసారీ ఊరుకుంది. నాలుగోసారికి అందుకుంది. ఆ తర్వాత ఎప్పటిలాగే, ఇద్దరం ఒకటే.

"ఏం చేశావే?"

జెరూషా గుమ్మంలో ఉంది. గోంగూర సీసా మర్చిపోయి వెనక్కి వచ్చిందట. పలక నా చేతిలోనే ఉంది.

"చూశావా అక్కా?"

"నేను చూడలా." సీసా తీసుకుంది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది. "నువ్వూ చూడలా."

"నలభై దాకా లెక్కపెట్టాను. కదల్లేదు."

"చల్లగాలికి బిగుసుకుపోయి ఉంటది. పలక పెడితే ఏ పొరైనా బిత్తరపోద్ది."

"నాది బిత్తరపోలేదు."

"నీది ఎప్పుడూ బిత్తరపోయే ఉంటది గందా!" అరిచింది. వెంటనే గొంతు తగ్గించింది. "ఇదిగో హిమా, గుండె మీద కుట్టాక గుండే నడిపిస్తది. నలభై ఒక్కమందికి నడపలా?"

"ఏ గుండె నడిపిస్తుందక్కా? పైడమ్మది డబ్బా చెబితే గానీ కొట్టుకోదు. ఆ డబ్బానే కదా తీసేస్తున్నారు."

జెరూషా సీసా మూత మళ్లీ బిగించింది. ఒంగోల్లో కొత్త గుండెబడి తెరుస్తున్నారు, ఈ పొర కుట్టాక అక్కడ నేర్పడానికి రమ్మని జెరూషాకి పోయిన నెలే ఉత్తరం వచ్చింది. ఆ కాగితం ఆమె పెట్టె మూతకి లోపలివైపు అంటించి ఉంది. ఇప్పుడు ఇద్దరం ఆ కాగితం గురించే ఆలోచిస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

ఎడమ పేజీలో రాశాను: నాది 64. జెరూషాది 0. పరుపు విడదీసి, నలభై సెకన్లు.

పుస్తకం ఆమె ముందు పెట్టాను. పెన్ను కూడా ఇచ్చాను. పెన్ను మూత పెట్టి నాకే తిరిగిచ్చింది.


రోజు 322

నాది 64. జెరూషాది 64. (సంతకం ఉంది. ఈ పేజీకి పెట్టింది.)

పాత పేజీలు తిరగేశాను. తోడు పెట్టకముందు నాది 64, జెరూషాది 71. తోడు పెట్టాక రెండూ 71. రోజు 238 నుంచి రెండూ 64, అంటే నాదాని తాళమే. ఎనభై రోజులకు పైగా కనపడుతూనే ఉంది. నేను జెరూషా పెన్ను చూసి రాశాను. జెరూషా వేలు నిజమే చెప్పింది, కానీ ఆ అంకె ఎవరిదని ఆమె అడగలేదు. మీటరుకి అడగడం తెలియదు.

పొర పండే కొద్దీ లాగడం నేర్చుకుంటుంది, తనంతట తాను మొదలుపెట్టడం మానేస్తుంది. ఇది మా అందరికీ తెలిసిన సంగతే, పరీక్షల్లో రాశాం కూడా. జెరూషా పొర పండింది. అందుకే మూగబోయింది. నాది పచ్చిగా ఉంది కాబట్టి దాన్ని కూడా మోస్తోంది.

సంతోషించాల్సింది. కానీ పైడమ్మకి కుట్టేది ఆ మూగదాన్నే. ఇంకా ఎనిమిది రోజులు.


రోజు 323

నాది 64. జెరూషాది 64.

321వ పేజీ తీసుకెళ్లి మేడమ్ ముందు పెట్టాను. పలక పెట్టినందుకు ఇంటికి పంపేస్తారనే వెళ్లాను, చెప్పులు కూడా సర్దుకునే వెళ్లాను.

ఆవిడ పేజీ చివరికి చూశారు. అంకెల దాకా రానేలేదు. "సంతకం ఏదమ్మా?"

"పెట్టనంది."

"అయితే ఇది పేజీ కాదు."

"మేడమ్, ఒక్కసారి అంకె చూడండి."

"తోడు ఒప్పుకోని అంకె ఈ బడిలో చెల్లదు. చెల్లుతుందని ఒక్కసారి అన్నానంటే, రేపు పన్నెండు మందీ పన్నెండు అంకెలతో వస్తారు." పుస్తకం మూసి నా వైపు నెట్టారు. మూసేముందు ఆవిడ వేలు సున్నా మీద ఆగింది. అంకె చదివారని అప్పుడు అర్థమైంది.

"పలక విషయం నేను వినలేదు. వెళ్లి పాలు కలుపు."

పాలు కలిపాను. ఉప్పు రెండుసార్లు తూచాను, రెండుసార్లూ వేరువేరు వచ్చింది. పారబోసి మళ్లీ కలిపాను.


రోజు 325

పైడమ్మ మూడోసారి వచ్చింది. మెట్లకి ఆరుసార్లు కూర్చుందట. తీగలు దూరిన చోట చుట్టూ ఎర్రబడింది. బట్ట తొలగించి చూపించి, "దోమ కుట్టినట్టుందమ్మా," అంది మమ్మల్ని ఊరడిస్తున్నట్టు.

కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. ఎండు నెత్తళ్లు, వేలెడు చేపలు. జెరూషా చేతిలో పెట్టింది.

"మా మరిది పట్టినాడు. ఏపుకుని తిను. మీ మెస్సులో కూడు బాగోదంట కదా, ఈ పాప సెప్పినాది."

"నాకెందుకు పైడమ్మా ఇయ్యన్నీ?"

"ఒలే, నా గుండె పెంచినావు, నీకు నాలుగు నెత్తళ్లు ఇవ్వలేనేటి?" పొర మీదికి వంగింది. "నాకు బయం నేదు. డాట్రలు ఏదేదో సెప్తారు, నాకెక్కదు. నువ్వేసినావు, ఊడదని సెప్పినావు. అంతే."

జెరూషా పొట్లం పట్టుకుని నిలబడింది. ఆమె పైడమ్మ మొహం చూడటం లేదు, నడుముకున్న డబ్బాని చూస్తోంది. డబ్బా మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతోంది.

పైడమ్మని నేనే కింద పడవ దాకా దింపాను. పైకి వచ్చేసరికి పోటు కూత మోగింది. హాల్లో ఎవరూ లేరు, జెరూషా తప్ప. గాజు పలక పరుపు మధ్యలో దిగి ఉంది. రెండు ముక్కలూ విడివిడిగా ఉన్నాయి. నా పొర కొట్టుకుంటోంది. ఆమె తన పొర అంచున వేలు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది. పెదవులు కదలడం లేదు. లెక్కపెట్టడానికి అక్కడేమీ లేదు.

నిమిషం నిండాక ముక్కల్ని తనే కలిపింది. నాకన్నా మెత్తగా కలిపింది.

తర్వాత తన పుస్తకం తెరిచింది. ఎడమ పేజీలో రాసింది: నాది 0. హిమజది 64. పరుపు విడదీసి, అరవై సెకన్లు.

"పెట్టు సంతకం," అంది.

"మరి ఒంగోలు, అక్కా..."

"నోరుమూసుకుని పెట్టవే. మళ్లీ మనసు మారేలోపు పెట్టు."

పెట్టాను. నా పుస్తకం లాక్కుని, 321వ పేజీ వెతికి, కింద సంతకం పెట్టింది. పెన్ను గట్టిగా నొక్కడంతో వెనక పేజీ దాకా దిగింది.

"నా పొరే బాగా పెరిగింది తెలుసా," అంది. "నీదాని కంటే శానా బాగా పెరిగింది."

"తెలుసు."

"అదే నాకు మండిపోతాంది."


రోజు 326

రెండు పుస్తకాలూ మేడమ్ బల్ల మీద పెట్టాం. రెండు సంతకాలూ చూశారు.

"అయిదేళ్లు. చచ్చిపోకుండా ఉంటే చాలనుకున్నాను. ఏది దేన్ని మోస్తోందో ఎప్పుడూ చూడలేదు."

ఆవిడ లేచి లెక్క హాల్లోకి నడిచారు, మేం వెనక వెళ్లాం. మిగతా అయిదు పరుపుల్నీ తనే కోశారు. అయిదింటిలోనూ ఒక్కో పొర ఆగిపోయింది. ఎవరిది ఆగిందో వాళ్లు గోడకి ఆనుకున్నారు. ఒకడు అక్కడే కూర్చుని పుస్తకంలో పాత పేజీలు తిరగేశాడు.

"పైడమ్మకి ఏం చేద్దాం?" అంది జెరూషా. ముందు అడిగింది ఆమే.

"నువ్వే చెప్పు."

"హిమ పొర ఒక్కటే పెడితే మొదలవుద్ది గానీ లాగలేదు. నాది ఒక్కటే పెడితే మొదలే కాదు. రెండూ కుడదాం. అంచులు ఆనిస్తే దీని తాళం దానికి అందుద్ది."

"ఎప్పుడూ చెయ్యలేదు," అన్నారు మేడమ్.

"ఎప్పుడూ కొయ్యనూ లేదుగా."

మేడమ్ కసురుకుంటారనుకున్నాను. సర్జన్‌కి కబురు పెట్టారు. జెరూషా ఒంగోలు సంగతి తర్వాత చూస్తామన్నారు. నా పలక సంగతి కూడా తర్వాతే. సాయంత్రం ఆవిడ గదిలో, ఇదివరకు పొరలు కుట్టించుకున్న నలభై ఒక్కమంది పేర్ల కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నారు; ఆ పొరల్నీ ఎవరూ విడదీసి చూడలేదు. గుమ్మం దాకా వినపడింది: "ఏం లేదమ్మా, ఊరికే ఒకసారి చూపించుకోవడానికి రండి. కంగారేం లేదు." ఆవిడ గొంతు నిండా కంగారే.


రోజు 330

మా పని పొరలు అందించడం వరకే. ఆ తర్వాత థియేటర్ గోడకి ఆనుకుని నిలబడాలి. రెండు పొరలూ పైడమ్మ గుండె మీద పక్కపక్కన పడ్డాయి. ఈసారి ఎడం లేదు, అంచులు ఆనించి కుట్టారు. మూడు గంటలు పట్టింది. అంతసేపూ డబ్బా చెబుతూనే ఉంది, గుండె వింటూనే ఉంది.

తర్వాత సర్జన్, "డబ్బా ఆపండి," అన్నారు.

ఆకుపచ్చ దీపం ఆరింది.

నాకు అలవాటుగా తొడ మీద వేలు ఆడింది. జెరూషా నా వేలు పట్టుకుని ఆపేసింది. ఒకటి. రెండు. తెర మీద గీత. మూడు. నా పొర, ఆ పసిది, ఇంతకాలం ఉలిక్కిపడుతూనే బతికింది, ఇప్పుడు బెదిరి ఊరుకుందా? నాలుగు. జెరూషా గోళ్లు నా అరచేతిలో దిగాయి. మేడమ్ కళ్లు మూసుకున్నారు.

అయిదు అనబోయాను. నా పొర ఉలిక్కిపడింది.

ఆ వెంటనే జెరూషాది లాగింది.

మళ్లీ. మళ్లీ. పదకొండోదో పన్నెండోదో కొట్టుకున్నాక సర్జన్ ఊపిరి వదిలారు.


రోజు 332

పైడమ్మకి మెలకువ వచ్చింది. నడుము తడుముకుని, డబ్బా లేదని తెలుసుకుని, మా ఇద్దరినీ చూసింది.

"రెండూ కుట్టీసినారంట కదా. మా గేటు కాడా అదే సేసినాం. రెండో పంపు పారేద్దామన్నారు, నాను ఒప్పుకోనేదు."

"నిద్రపో పైడమ్మా," అంది జెరూషా.

"నెత్తళ్లు తిన్నావా?"

"తిన్నాలే."

"ఈ పాపకి పెట్టినావా?"

"అదే సగం తినేసింది."

అబద్ధం. నాకు మూడే పెట్టింది.

ముప్ఫై రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. మేడమ్ పిలిచిన నలభై ఒక్కమందిలో ముప్ఫై ఆరుగురు వచ్చారు, బాగానే ఉన్నారు. అయిదుగురు ఇంకా ఫోన్ ఎత్తలేదు. పడుకుంటే ఆ అయిదుగురే గుర్తొస్తున్నారు.

లెక్క వేళ అయింది. పరుపు ఖాళీగా ఉంది కాబట్టి పైడమ్మ మంచం దగ్గరే కూర్చున్నాం, చెరో మణికట్టు పట్టుకుని. వార్డు మీటరు మీద జెరూషా తువ్వాలు కప్పింది. కళ్లు మూసుకున్నాను. రెండు కళ్లూ, పూర్తిగా. నలభై దాటింది. భయమేసింది, అయినా తెరవలేదు. వేలి కింద ఉన్నది నా నాడి కాదని ఎక్కడో తెలుస్తోంది. అది నాకన్నా నిదానం.

రాశాక పుస్తకాలు మార్చుకున్నాం.

నా పుస్తకంలో 62. ఆమె పుస్తకంలో 63.

తోడు పెట్టాక, ఒకే తాళానికి మేం వేరువేరు అంకెలు రాయడం ఇదే మొదటిసారి. జెరూషా నా 62ని కాసేపు చూసింది, కొట్టేయమనలేదు. సంతకం పెట్టింది. నేను ఆమె 63 కింద పెట్టాను.

తువ్వాలు ఇంకా తీయలేదు.